ఏ దారికి ఏ కారు

నాకు డ్రైవింగ్ రాదు. చిన్నప్పటి నుంచీ ఎడమ కంటి చూపు సరిగా లేదు కాబట్టి లైసెన్సు కోసం ఎన్నడూ ప్రయత్నించలేదు. అయినా మా ఇంటికి వచ్చిన మొదటి కారును ఎంచినవాణ్ణి నేనే. అది తప్పని ఒప్పుకోవడానికి ఆరేళ్లు పట్టింది. ఒప్పించింది నా భార్య. ఆమెకు అక్కరకు వచ్చింది ఒక వీడియో గేమ్.

మేముండేది మిర్యాలగూడలో. నేను సూర్యాపేటలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని, రోజూ బస్సులో పోయి వస్తాను. ఆమె మాడుగులపల్లి దగ్గర పెద్ద రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఊళ్లో హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్. లోపలికి బస్సు లేదు. కారు కొనాలనుకున్నది ఆమె ప్రయాణం కోసమే.

సరిగ్గా అప్పుడు సూర్యాపేటలో ఒక వ్యాపారి తన కారు అమ్మేస్తున్నాడని విన్నాను. ఎత్తయిన, ఏడుగురు కూర్చునే బండి. ఏ లోపమూ లేదు. ఆయన దాన్ని వదిలించుకోవాలనుకోవడానికి కారణం ఒక్కటే. నంబరు ప్లేటు మీది అంకెలు కూడితే ఎనిమిది వస్తుంది. ఎనిమిది శని అంకె అట. ఆ బండి ఇంటికొచ్చినప్పటి నుంచే వ్యాపారం దెబ్బతిన్నదట.

నేను చదువుకునే రోజుల్లో చేతబడి అబద్ధమని చెప్పడానికి ఊరూరా తిరిగిన బృందంలో ఒకణ్ణి. నిప్పుల మీద నడిచి చూపించాం. చేతిలో విభూతి పుట్టించి, అది ఎట్లా పుట్టిందో కూడా చూపించాం. అట్లాంటి నాకు ఈ కథ వినగానే రక్తం మరిగింది. మన దేశంలో బండి కొంటే చేసే తతంగం చూడండి. చక్రాల కింద నిమ్మకాయలు, బంపరుకు మిరపకాయలు, తొమ్మిది వచ్చే నంబరు కోసం వేలంపాట. బ్రేకులు ఎప్పుడు మార్పించావయ్యా అంటే గుర్తుండదు. నిమ్మకాయ ఎప్పుడు మార్చావంటే వారంతో సహా చెబుతారు. యంత్రాన్ని నమ్ముకుని బతికే మనిషి ఆ యంత్రం గురించి తెలుసుకోవడం మాని అంకెను బతిమాలుకుంటున్నాడు. అందరూ వద్దన్న ఆ ఎనిమిదిని నేను తెస్తాననుకున్నాను, తెచ్చాను. ఆమె ఒకసారి నడిపి చూసి, జర పెద్దగుంది కదా అంది. పెద్దదే మంచిది, గట్టిగా ఉంటుంది అన్నాను. డ్రైవింగ్ రాని నేను.

ఆరేళ్లు ఆ బండి నడిచింది. వెనక సీటు మీద ఎప్పుడూ ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో కటకాలు, స్ప్రింగు త్రాసులు, గాజు పరికరాలు. బడిలో ల్యాబు లేదు. ఆ పెట్టే ల్యాబు. పదో తరగతి పిల్లలకు బడి గంటకు ముందే ఒక క్లాసు చెప్పేది, అది ప్రభుత్వం అడిగిన క్లాసు కాదు. తాళాలు వేలికి తిప్పుకుంటూ ఏడున్నరకు బయలుదేరే ఆమెను చూసి నేను గర్వపడేవాణ్ణి. ఆ గర్వంలో సగం ఎనిమిది గురించేనని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పోయిన ఏప్రిల్‌లో, యాసంగి వరి కోతలప్పుడు, లోపలి రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోశారు. బండ్లు ఎక్కకుండా అంచు పొడుగునా రాళ్లు పేర్చారు. మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. దానికి దారి ఇవ్వడానికి ఆమె ఎడమకు జరిగింది. ఎడమ చక్రాలు రోడ్డు దిగిపోయాయి, కారు పంటకాలువలోకి ఒరిగింది. వడ్లు ఎత్తుతున్న ఆడవాళ్లే పరుగెత్తుకొచ్చి డోరు తీసి బయటికి లాగారు. కుడి మణికట్టు విరిగింది. ఇంకేమీ కాలేదు.

దవాఖానకు చుట్టాలు పండ్లతోపాటు ఎనిమిదిని కూడా మోసుకొచ్చారు. మేము ఆనాడే చెప్పినం అన్నారు. బండి అమ్మేసి వేరేది తీసుకోమన్నారు. నేను మంచం పక్కన నిలబడి ఉపన్యాసమే ఇచ్చాను. ఈ జిల్లాలో ఈ ఏడాది కాలువల్లో పడ్డ బండ్లన్నిటి నంబర్లూ తెండి, కూడి చూద్దాం, తొమ్మిదులు ఎన్ని తేలతాయో అన్నాను. ఈ బండి అమ్మేది లేదు, ఈమె చెయ్యి నయమయ్యాక ఇదే నడుపుతుంది, అదే నా జవాబు అన్నాను. ఆమె కట్టు కట్టిన చేతిని గుండెల మీద పెట్టుకుని గోడవైపు తిరిగింది. నొప్పేమో అనుకున్నాను.

జూన్‌లో బళ్లు తెరిచారు. చెయ్యి అతికింది, కారు బాగై వచ్చింది. ఆమె మాత్రం దాన్ని ముట్టలేదు. బస్సులో పోయి క్రాస్‌రోడ్డు దగ్గర దిగి, షేర్ ఆటో నిండేదాకా కూర్చుని, ప్రార్థన అయిపోయాక బడి చేరేది. పొద్దున క్లాసు పోయింది. గాజు సామాను ఆటోలో పట్టుకుపోలేక పెట్టె ఇంట్లోనే ఉండిపోయింది. ఆగస్టులో ఒకరోజు, టౌన్‌లో విద్యాశాఖ ఆఫీసుకు డిప్యుటేషన్ అడుగుతానని చెప్పింది. ఇరవై రెండేళ్లు నల్లబల్ల ముందు నిలబడ్డ మనిషి ఫైళ్లు చూసుకుంటానంటోంది. దసరా సెలవుల తర్వాత నిర్ణయం చెప్పాలని హెడ్‌మాస్టర్ అడిగాడట. నేను ధైర్యం చెప్పాను. భయం హేతుబద్ధం కాదన్నాను, గణాంకాలు వివరించాను. ఆమె వింటూ బియ్యంలో రాళ్లు ఏరుకుంది.

ఆ నెలలోనే మా బావమరిది కోదాడ నుంచి ఒక అట్టపెట్టెతో దిగాడు. అతనికి అక్కడ సెల్‌ఫోన్ల రిపేరు షాపు ఉంది. పెట్టెలో పాత గేమింగ్ మిషన్, దాంతోపాటు ప్లాస్టిక్ స్టీరింగు, కాళ్ల కింద పెట్టుకునే పెడళ్లు. అక్కకు మణికట్టు తిప్పే ఎక్సర్‌సైజు చెప్పారు కదా, రబ్బరు బంతి పిసికితే విసుగొస్తుంది, దీన్ని తిప్పమనండి అన్నాడు. టీవీకి తగిలించి డైనింగ్ టేబులు అంచుకు స్టీరింగు బిగించాడు.

గేమ్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అందులో ఒకటే పందెం ఉండదు. వాళ్లు ఈవెంట్లు అంటారు. తిన్నగా రాకెట్‌లా పోయే పందెం ఒకటి, కొండ మలుపుల పందెం ఒకటి, కంకర దారి, బురద దారి, వాన కురిసే పట్నం వీధులు. ప్రతి ఈవెంటుకు ముందు ఒక గ్యారేజీ తెరుచుకుంటుంది. నలభై కార్ల దాకా ఉంటాయి. ఒక్కోదాని పక్కన నాలుగు గీతలు. వేగం, పికప్, బ్రేకు, రోడ్డు మీద పట్టు. ఎంచుకోవడం మన పని. డోరు మీద నంబరు కూడా మనమే వేసుకోవచ్చు.

మా బావమరిది కళ్లు మూసుకున్నట్టే ఎర్ర కారు తీసుకుని, డోరు మీద తొమ్మిది వేశాడు. ఆటలో కూడానా అన్నాను. నవ్వుతూ, ‘మీకేం బావా, మీరు గుద్దుకున్నా సిద్ధాంతం అంటారు, నేను గెలవాలి కదండీ’ అన్నాడు. నేను పట్టుదలగా ఎనిమిది వేశాను. కారేమో వేగం గీత అన్నిటికంటే పొడుగున్నది తీసుకున్నాను. కొండ మలుపుల పందెం. మొదటి మలుపులోనే లోయలో పడ్డాను. మళ్లీ దారి మీద పెడుతుంది ఆ మిషన్, మళ్లీ పడ్డాను. అతను నాలుగో మలుపుదాకా పోయి గోడకు గుద్దాడు. వేగమైన కారే కదా, ఎందుకు పడ్డానో నాకు అర్థం కాలేదు. నాకు డ్రైవింగ్ రాకపోవడం వల్ల అనుకున్నాను.

ఆమె చాలాసేపు చూస్తూ కూర్చుని, మణికట్టుకు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. గ్యారేజీలో అడుగునున్న చిన్న కారు దగ్గర ఆగింది. వేగం గీత అన్నిటికంటే పొట్టి. అది వద్దు, అది అన్నిట్లోకీ బలహీనమైనది అన్నాను. ఆమె తల తిప్పకుండానే, ఇందాక నీ కారుకు రాసి ఉన్న వేగాన్ని ఈ దారి మీద ఒక్కసారన్నా అందుకున్నావా అని అడిగింది. అందుకోలేదు. సగం కూడా పోలేదు. వాడని బలం కోసం బరువు మోశాను. ఆమె చిన్న కారు తొందరపడకుండా ఒక్కో మలుపూ తిరిగి కిందికి దిగింది.

‘అక్కా, నీకు లక్కు బాగుందే’ అన్నాడు తమ్ముడు.

‘లక్కు కాదురా’ అంది ఆమె. ‘నువ్వు తొమ్మిదని పెట్టినవ్. ఈయన ఎనిమిదని పెట్టిండు. ఇద్దరు నంబరే సూసిన్రు. దారి ఎవ్వరు సూడలే.’

అతను పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాలో దిగింది. ముప్పై ఏళ్లుగా నేను ఏ గుంపును ఎదిరించానో ఆ గుంపు పక్కనే నన్ను కూర్చోబెట్టింది. తొమ్మిదికి మొక్కేవాడూ, ఎనిమిదిని మొండిగా తగిలించుకునేవాడూ ఇద్దరూ అంకె చుట్టే తిరుగుతున్నారు.

ఆ తర్వాత ఆదివారాల మధ్యాహ్నాలు మా ఇంట్లో ఒక ప్రయోగశాల నడిచింది. పాత రికార్డు పుస్తకం వెనక పేజీల్లో ఆమె ఒక పట్టిక గీసింది. ఒకే దారి, ఒకే కారు, మూడుసార్లు. పట్టిన సమయం రాసుకోవడం. తర్వాత కారు ఒక్కటే మార్చి మళ్లీ మూడుసార్లు. దారి మారిస్తే కారు మార్చదు. కారు మారిస్తే దారి మార్చదు. తన పిల్లలకు లోలకం ప్రయోగం చెప్పేటప్పుడు పాటించే పద్ధతే. కంకర మీద నాలుగు చక్రాలూ లాగే బండి మేలని తేలింది. తిన్నని దారికి నేను మోజుపడ్డ ఆ పొడుగు గీత కారే మేలు, ఆ సంగతి కూడా ఆమె నిజాయితీగా రాసింది. వానలో పికప్ ఎక్కువున్న బండి జారిపోతుంది, మెత్తగా కదిలేదే నిలుస్తుంది. నేను జీవితమంతా శాస్త్రీయ దృక్పథం మీద మాట్లాడాను. నా డైనింగ్ టేబులు మీద దాన్ని పాటిస్తుంటే చూడ్డం అదే మొదటిసారి.

కొత్తగా కళ్లు తెరిచినవాడి ఉత్సాహంతో ఒక ఆదివారం నోరు జారాను. ఇంత బాగా నడుపుతున్నావు, కింద మన కారుంది, రేపు దాన్ని తియ్యరాదా అన్నాను. ఆమె స్టీరింగు వదిలేసింది.

‘ఇది ప్లాస్టిక్ ముక్క. గిండ్ల పడితె మళ్ల రోడ్డు మీద పెడ్తది. గాడ ఎవరు పెడ్తరు?’ అంది. కాలితో పెడళ్లను పక్కకు జరిపి అంది: ‘ఆ బండి ఎడమ మూల నాకు ఎన్నడు కనపడలే. ఆరేండ్లు అందాజుతోని నడిపిన.’

ఎందుకు చెప్పలేదని అడిగాను.

‘ఎట్ల చెప్పాలె? అది మనింట్ల కారు కాదు, నీ వాదన. వాదనకు మూల కనపడ్తలేదంటె వింటవా?’

ఆమె పొట్టి మనిషి. సీట్లో కూర్చుంటే ఆ బండి బానెట్టు ఆమె గడ్డం దాకా వస్తుంది. దిండు వేసుకుని కూర్చోవడం నేను రోజూ చూశాను, సౌకర్యం కోసమనుకున్నాను. ఆ రోజు ట్రాక్టర్‌కు దారి ఇస్తూ ఎడమకు జరిగినప్పుడు రోడ్డు ఎక్కడ అయిపోయిందో ఆమెకు కనిపించలేదు. కారణం నా కళ్లెదుటే ఉంది. చుట్టాలు శని అన్నారు, నేను కాదు అన్నాను. మరైతే ఏమిటి అని మాత్రం నేనూ అడగలేదు. అబద్ధాన్ని కొట్టేస్తే నిజం దానంతటదే తేలుతుందనుకునే జబ్బు మా వాదప్రియులకు ఉంది. తేలదు. వెతకాలి.

కారు అమ్మేద్దామని నేనే అన్నాను. ఆమె నా ముఖం చూసింది. నలుగురూ ఏమంటారో తెలుసు కదా అంది. తెలుసన్నాను. తెలిసినా ఓడిపోయినట్టే ఉందని చెప్పలేదు.

దసరా తర్వాత ఆమె హెడ్‌మాస్టర్‌ను ఒక నెల గడువు అడిగింది. ఆ నెల్లో తేలకపోతే ఆఫీసుకు పోవడమే. సూర్యాపేటలో హైవే పక్కన పాత కార్లు అమ్మే ఒక జాగాకు పోయాం. గేమ్‌లో ఈవెంటుకో కారు మార్చుకోవచ్చు, బతుకులో ఉన్న ఒక్క కారు అన్ని దార్లకూ రావాలి. అందుకని ఆమె ముందే తన దారిని కాగితం మీద రాసింది. ఎక్కువ దూరం పెద్ద రోడ్డే, కానీ కష్టమంతా చివరి నాలుగు కిలోమీటర్లలో ఉంది. ఇరుకు, గుంతలు, పక్కన కాలువ. అన్నిటికంటే చిన్న కారును ఆ గుంతల వల్లే పక్కన పెట్టింది, వానాకాలం అడుగు తగులుతుందని. తర్వాత అక్కడి నీళ్ల బకెట్టు నా చేతికిచ్చి, ఒక్కో కారు ముందు ఎడమ మూలకు ఆనించి పెట్టమంది. తాను లోపల కూర్చుంటుంది. బకెట్టు అంచు కనపడేదాకా నేను దాన్ని ఒక్కో అడుగూ కారుకు దూరంగా జరపాలి. అడుగులు లెక్కబెట్టి రాసుకుంది. ఏ దిండూ వేసుకోలేదు.

షాపాయన నా పక్కన నిలబడి, ‘మైలేజ్ అడుగుతరు, రంగు అడుగుతరు, ఏసీ పెట్టి సూస్తరు. బకెట్ అడిగినోళ్లు ఇప్పటిదాంక లేరు సార్’ అన్నాడు.

ఐదు కార్లు చూశాక, రెండడుగులకే బకెట్టు కనిపించిన ఒక బూడిదరంగు కారు దగ్గర ఆమె దిగకుండా అట్లాగే కూర్చుండిపోయింది. స్టీరింగు తేలిగ్గా తిరుగుతోందని, మణికట్టు నొప్పి లేదని చెప్పింది. నంబరు ఎంతని ఇద్దరమూ చూడలేదు. బావమరిది వచ్చి దాన్ని నడిపి మిర్యాలగూడ చేర్చాక కాగితాల్లో కనిపించింది, కూడబోయి ఆపేశాను.

పెద్ద బండి అమ్మిన వారానికి, అనుకున్నట్టే, పక్కింటాయన గేటు మీద చేతులు ఆనించాడు. కరెంటు ఆఫీసులో రిటైరైన మనిషి, నాతో చాలా వాదాల్లో ఓడినవాడు. ‘ఏం సార్, ఎనిమిది ఆఖరికి మిమ్మల్ని గూడ ఒప్పిచ్చింది’ అన్నాడు. నంబరు కాదు, బానెట్టు అన్నాను. బకెట్టు సంగతి మొదలునుంచి చెప్పాను. ఆయన అంతా విని, సరే సార్, మీరు చెప్తే సరే అన్నాడు. ఆ ‘సరే’లో ఇంతకాలపు బాకీ తీర్చుకున్నాడు. ఒళ్లు మండిపోయి మళ్లీ మొదలుపెట్టబోయాను. కారులోంచి ఆమె, ‘వస్తవా, గీడ్నే సభ పెడ్తవా?’ అంది. ప్రాక్టీసుకు టైమవుతోంది, బావమరిది ఇంజను స్టార్ట్ చేసి ఉంచాడు. జీవితంలో మొదటిసారి ఒక వాదాన్ని సగంలో వదిలి వచ్చి కారెక్కాను. ఆయన ఏమైనా అనుకోనీ. నేను గెలవడంకంటే ఆమె నడపడం ముఖ్యమని అర్థం కావడానికి నాకు ఇంత చదువు, ఇంత వయసు కావలసివచ్చింది.

ప్రాక్టీసు ఆదివారాలు పని లేని ఒక రైస్‌మిల్లు కల్లంలో. అక్కడిదాకా కారు తెచ్చేదీ, తిరిగి తీసుకుపోయేదీ బావమరిదే. నేను ఇటుకలు పేర్చి ఇరుకు దారి చేసేవాణ్ణి. మొదటి రోజు ఆమె ఇంజను స్టార్ట్ చేసి, పావుగంట కదలకుండా కూర్చుని, ఆపేసి ఇంటికి పోదామంది. ధైర్యం చెప్పబోయి ఊరుకున్నాను. రెండో వారం ఇటుకల మధ్య పోయింది, మూడు పడ్డాయి. మూడో వారం ఒకటి పడింది. ఆమె దిగి, ఆ ఇటుక ఎటు పడిందో చూసి, మళ్లీ పెట్టి, మళ్లీ పోయింది. నాలుగో వారం అన్నీ నిలబడ్డాయి.

గడువులో చివరి సోమవారం నాకు సెలవు. పొద్దున ఏడున్నరకు చెక్కపెట్టె వెనక సీటు మీద పెట్టి, పాత తువ్వాలు చుట్టింది. నేను పక్కన కూర్చోవచ్చు, మాట్లాడకూడదు. ఒప్పుకున్నాను. మిల్లుల లారీలు ఎదురొచ్చిన ప్రతిసారీ ఆమె వేగం తగ్గించింది. క్రాస్‌రోడ్డు దగ్గర, వానాకాలపు కోతలు కాబట్టి, లోపలి రోడ్డు మొదట్లోనే వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆమె కారు పక్కకు తీసి ఆపింది.

‘ఇగ నువ్వు దిగు’ అంది.

నేను సీటు బెల్టు తియ్యలేదు.

‘రేపు నువ్వుండవు కదా. ఇయ్యాల్నే ఒక్కదాన్ని పోవాలె. బడి చేరినంక ఒక్క రింగ్ ఇస్త. లేపకు.’

దిగాను. బూడిదరంగు కారు వడ్ల పక్కగా మెల్లగా కదిలింది. దూరంగా గడ్డి ట్రాక్టర్ వస్తోంది. ఆమె ముందే కొంచెం వెడల్పున్న చోట ఆగి, దాన్ని పోనిచ్చింది. ట్రాక్టర్ నా పక్కగా వచ్చేసరికి కారు మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. మిర్యాలగూడ బస్సు వచ్చి పోయింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది. నాలుగు కిలోమీటర్లకు ఎంతసేపు పడుతుందో లెక్కవేసి, వడ్లకు కొంత కలిపి, ట్రాక్టర్లకు కొంత కలిపి, ఆ లెక్క దాటిపోయాక ఇంకేం కలపాలో తెలియక చాయ్ చల్లార్చుకున్నాను.

ఫోను మోగింది. లేపొద్దన్న మాట మరిచి లేపేశాను. అవతల పిల్లల గోల, ఎవరో పెట్టె జాగ్రత్తగా పట్టుకోమని అరుస్తున్నారు.

‘ఎందుకు లేపినవ్?’ అంది ఆమె. ‘ఫోను పెట్టు, క్లాసుకు టైమైంది.’